పాలుకొచ్చిన పెట్ట

మా వైపు కోడిని పాలుకిస్తారు. కోడి ఒకరిది, మేత, కాపలా ఇంకొకరివి. గుడ్లు పొదిగి పిల్లలైతే చెరి సగం. మేకనైనా, ఆవునైనా ఇలాగే ఇస్తారు. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. ఒక్క కట్టుబాటు మాత్రం ఉంది. మధ్యలో ప్రాణి పోతే పెంచినవాళ్లు గుర్తు చూపించాలి. మేక చస్తే చర్మం చూపించాలి. కోడిపిల్లను గద్ద గానీ పిల్లి గానీ పట్టుకుపోతే నాలుగు ఈకలైనా తెచ్చి సొంతదారు చేతిలో పెట్టాలి. ఈక చూపలేనివాళ్లు ఆ పిల్లను అమ్ముకున్నట్టో, కోసుకు తిన్నట్టో లెక్క. ఆ మాట ఎవరూ పైకి అనరు. అంటే తిరిగి నాలుగు అనవచ్చు, అనరు కాబట్టే బాధ.

మా ఇల్లు మదనపల్లె నుంచి రామసముద్రం పోయే దారిలో ఒక పల్లెలో ఉంది. నేను పుట్టింది కుప్పంలో. నా మాటలో అరవం కలుస్తుందని పెళ్లైన కొత్తలో వీధిలో ఆడవాళ్లు పనిగట్టుకుని పలకరించి మరీ నవ్వేవాళ్లు. నాకేమో ముక్కు మీదే కోపం. ఒకటంటే రెండు అనేదాన్ని. కుప్పం పిల్లకు నోరెక్కువ అని పేరు పడిపోయింది. పడితే పడనీ అనుకున్నాను. నోరు లేనివాళ్లను ఈ లోకం ఏం చేస్తుందో నేను చూడకపోలేదు.

మా ఆయన తెల్లారకముందే మదనపల్లె టమాటా మార్కెట్‌కు పోతాడు, మధ్యాహ్నం దాటాక వచ్చి పడుకుంటాడు. నేను ముందుగదిలో మిషను మీద జాకెట్లు కుడతాను. వసారాలో నులకమంచం మీద మా మామ. మంచం కింద ఒక నల్లకుక్క. దానికి పేరు లేదు. మామ నాలుకతో ఒక చప్పుడు చేస్తే ఎక్కడున్నా వస్తుంది. మా అత్త పోయినప్పటి నుంచి ఆయనకు అదే తోడు. నేను పెట్టిన సంగటి ముద్దలో సగం తను తిని, సగం దానికి పెడతాడు. నాకు చూపించకుండా పెడుతున్నానని ఆయన నమ్మకం. నేనూ చూడనట్టే ఉండేదాన్ని, రెండోసారి వడ్డించేటప్పుడు ముద్ద కొంచెం పెద్దది చేసేదాన్ని.

పుంగనూరులో మా వదిన ఉంటుంది, మా ఆయనకు అక్క. బస్టాండు దగ్గర పూల అంగడి. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మా వదిన ముప్పాతిక మొగుడు. మా అత్త బతికున్న రోజుల్లో ఈ వాకిట్లో మెడ మీద చుక్కలున్న ఎర్రకోళ్లు తిరిగేవట. ఆమె పోయాక కర్మాంతరాలకు కొన్ని, అడిగినవాళ్లకు కొన్ని పోయి, చివరకు ఒకే ఒక పడుచుపెట్ట మిగిలితే దాన్ని వదిన పుంగనూరు తీసుకుపోయింది. మేడ మీద అద్దె ఇల్లు. మెట్ల మీద రెట్ట వేస్తోందని ఇంటావిడ రోజూ రాగాలు తీయడంతో, ఒక ఉదయం పెట్టను వైరు బుట్టలో పెట్టుకుని బస్సు దిగింది.

"మా యమ్మ కోళ్లలో మిగిలింది ఇదొక్కటే ఉండాది. పాలుకు పెట్టుకో," అంది.

పుట్టింటి వాకిట్లోకే తెచ్చి, తమ్ముడి పెళ్లానికే ఇస్తూ, పరాయివాళ్లకు ఇచ్చినట్టు పాలుకివ్వడం నాకు చివుక్కుమనిపించింది. అయినా పెట్టను చేతుల్లోకి తీసుకున్నాను. గుండె దడదడ కొట్టుకుంటోంది దానికి. ఎందుకో దాని మీద ప్రేమ పుట్టింది. సరే వదినా అన్నాను. అలా అన్నాక ఆ కట్టుబాటు నా మీద పడింది.

విరిగిన టమాటా క్రేటులో వరిగడ్డి పరిచి పొదగేశాను. మూడు వారాలు పెట్ట కదిలితే ఒట్టు. తొమ్మిది పిల్లలు లేచాయి. వదిన ఫోన్లో వీడియో కాల్ చేసి, పెట్టను చూసి ఏడ్చింది, పిల్లల్ని చూసి నవ్వింది. ఆ తర్వాత వేలు చూపించి లెక్కపెట్టింది. అప్పటి నుంచి రెండు రోజులకొకసారి కాల్. నేను ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో నూకలు పట్టుకుని వాకిలంతా తిరిగి పిల్లల్ని చూపించాలి. ఒకటి పెట్ట రెక్క కింద దూరితే అది బయటికొచ్చేదాకా ఆమె ఫోను పెట్టదు.

మొదటి పిల్ల పోయింది నేను ఒక పెళ్లివాళ్ల జాకెట్లు కుడుతున్న రోజు. మధ్యాహ్నం పిలిచి నూకలు వేస్తే ఎనిమిదే వచ్చాయి. గోడ పక్క, కట్టెల మోపు వెనక, కాలువ వెంట వంగి వంగి వెతికాను. చిన్న ఈక కూడా దొరకలేదు.

మామ మంచం మీద నుంచే అన్నాడు: "గెద్ద ఎత్తుకోని పోతే ఈకలు యాడుంటాయమ్మా? అది పైకి తీసుకపోయి గదా తినేది."

నిజమే కదా అనిపించింది. ఆ సాయంత్రం వదినకు అదే చెప్పాను.

"ఈకలు?" అంది.

"అగుపడలా వదినా. గెద్ద కదా."

"సరేలే," అంది. ఆ 'సరేలే'లో సరే లేదు.

మర్నాటి నుంచి గద్దతో నా యుద్ధం మొదలైంది. వాకిలికి అడ్డంగా దారాలు కట్టాను, దారాలకు మా ఆయన పాత సీడీలు వేలాడదీశాను. ఎండలో అవి తళుక్కుమంటుంటే వీధిలో పోయేవాళ్లు కళ్లు మూసుకుని నడిచారు. కందికంప కొట్టుకొచ్చి మూలల్లో వేశాను. పిల్లలు పోయి దూరడానికి చిల్లులున్న క్రేట్లను బోర్లించాను. మిషను దగ్గర కూర్చుని ఒక చెవి వాకిట్లో పడేసి కుట్టేదాన్ని. పెట్ట కొంచెం గట్టిగా అరిస్తే కుట్టు మధ్యలో వదిలేసి పరిగెత్తేదాన్ని. నేను వెళ్లేసరికి పెట్ట ఆకాశంలోకి చూస్తుండేది, మామ మంచం మీద, కుక్క మంచం కింద. కోపం కోపంగా తిరిగొచ్చేదాన్ని. అలా రెండు జాకెట్ల చంకలు తేడా వచ్చి మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

ఇంత చేసినా రెండోది పోయింది. వారం తిరక్కుండా మూడోది. ఎప్పుడూ పగలే, ఎప్పుడూ మిషను చప్పుడు అవుతున్నప్పుడో, నేను మదనపల్లె పోయినప్పుడో. ఎప్పుడూ ఈక లేదు.

ఈ పల్లెల్లో గద్దకు ఒక మందు ఉంది. పిల్లలకు రంగు వేస్తారు. పసుపూ తెలుపూ పిల్లను గద్ద పైనుంచి గుర్తుపడుతుందట, రోజారంగు పిల్లను చూస్తే ఇదేదో తినేది కాదనుకుని వదిలేస్తుందట. నేను ముగ్గులో వేసే రోజారంగు పొడిని నీళ్లలో చిక్కగా కలిపి ఆరు పిల్లల్నీ ముంచి తీశాను. నా చేతులు మోచేతి దాకా రంగయ్యాయి. పెట్ట తన పిల్లల్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. మామ చాలా రోజుల తర్వాత నవ్వాడు. వదిన వీడియోలో చూసి, "ఇదేందే, పెండ్లికి పోయే మాదిరి ఉండాయి," అని తనూ నవ్వింది. ఆ ఒక్కరోజు నా కడుపు చల్లగా ఉంది.

ఆ వారమే మా అమ్మకు కంటి ఆపరేషనైతే కుప్పం పోయి వచ్చాను. చేతిలో మూత ఉన్న బుట్ట. అందులో రాగిపిండి, రెండు మెత్తటి పాత చీరలు. నేను తిరిగొచ్చేసరికి రంగు పిల్లల్లో ఒకటి లేదు.

ఇంకేం కావాలి? మర్నాడు కొళాయి దగ్గర బిందె పెట్టి నిలబడితే, ఎదురింటావిడ పక్కావిడతో అంటోంది, నేను వినాలనే అంటోంది: "కుప్పంలో నాటుకోళ్లకు గిరాకీ ఎక్కువంట గదా. బుట్టలో పెట్టుకోని పోతే ఎవురికి తెలస్తాది?"

"ఏమంటాండావు?" అన్నాను.

"నిన్నేమన్నానమ్మా? కోళ్ల మాట మాట్లాడుకుంటాండాము."

బిందె నిండకుండానే ఎత్తుకొచ్చేశాను. పుట్టింటికి మూట కట్టే కోడలు! ఈ దేశంలో కోడలి మీద వేయడానికి ఇంతకన్నా తేలికైన నింద ఉంటుందా? దానికి రుజువు అడిగేవాళ్లూ ఉండరు. మా ఆయనతో చెప్పుకుంటే, "ఊరోళ్ల నోళ్లు మూస్తామా, ఊరుకో," అని అటు తిరిగి పడుకున్నాడు. ఊరోళ్ల సంగతి సరే, మీ అక్క ఏమనుకుంటోంది అని అడిగితే పలకలేదు. పలకలేదంటే ఆమె ఆయనతో ఏదో అనే ఉంటుంది.

వదిన వచ్చింది. చెప్పాపెట్టకుండా మధ్యాహ్నం బస్సుకు వచ్చి వాకిట్లో నిలబడింది. మంచినీళ్లు ఇస్తే గ్లాసు పక్కన పెట్టి ముందు పిల్లల్ని లెక్కపెట్టింది. ఐదు.

"ఈకైనా లేదా?" అంది.

"లేదు వదినా."

"ఇంత రంగేసినావే. రోజారంగు ఈక మన్నులో అగుపడదా?"

"యాడా అగుపడలా."

ఆమె నా మొహం చూడలేదు, పెట్టను చూస్తూ అంది: "మా యమ్మ ఉండేటప్పుడు కూడా ఈ వాకిట్లో పిల్లలు పోయేవి. ఈకలు మాత్రం దొరికేవి."

నా ఒళ్లంతా మంట పుట్టింది. నోరెక్కువ అని పేరున్న నాకు ఆ క్షణం ఒక్క మాట రాలేదు. మామ దగ్గి, లేచి, తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. కుక్క వెనకే వెళ్లింది. ఆడవాళ్ల గొడవ ఆయనకెందుకులే అనుకున్నాను.

వదిన అన్నం తినకుండా వెళ్లిపోయింది. నేను కూడా తినలేదు. మిగిలిన పిల్లల్లో ఇంకొక్కటి పోయినా ఈ ఇంట్లో నా మాటకు విలువ ఉండదని నాకు తెలిసిపోయింది. ఉప్పు ఎంత వేశానో చెప్పినా నమ్మరు.

రెండు రోజుల తర్వాత బట్టలు ఉతుకుతున్నాను. మామ పంచె బండ మీద పరిచేసరికి అంచు దగ్గర రోజారంగు మరక. పిల్ల ఎప్పుడైనా కాళ్ల దగ్గర తిరిగి ఉంటుందిలే అనుకున్నాను. నడుం దగ్గర మడత విప్పాను. ఆయన బీడీలు దోపుకునే మడత అది. లోపల బీడీ పొడి, దాంతో పాటు తడిసి ముద్దైన ఒక చిన్న ఈక. రోజారంగు ఈక.

సబ్బు చేతిలోంచి జారి కాలువలో పడింది. చాలాసేపు ఆ ఈకను అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. బుర్రలో రాకూడని ఆలోచనలన్నీ వచ్చాయి. మామ పిల్లల్ని అమ్ముకుంటున్నాడా? బీడీలకా? అడిగితే నేనే ఇస్తాను కదా. ఛీ, ఆయన అలాంటివాడు కాదు. మరి ఈక అక్కడెందుకుంది? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మరి కోడలేం పడుతుంది?

సాయంత్రం మామ అడిగాడు: "పంచె ఆరిందామ్మా?"

"ఆరింది మామా."

ఆయన నా చేతిలోంచి పంచె అందుకుని, మడత దగ్గర వేలితో తడిమి చూశాడు. నేను చూడనట్టు లోపలికి వెళ్లాను.

మా ఆయనకు చెప్పలేదు. చెబితే మా నాయన మీద నింద వేస్తావా అంటాడు. ఉత్త ఈక చూపిస్తే వదిన మాత్రం ఏమంటుంది? నువ్వే పెట్టినావు అంటుంది. నా కళ్లతో చూడాలనుకున్నాను.

మర్నాడు పొద్దున చీర మార్చుకుని, బ్యాగు తగిలించుకుని వసారాలోకి వచ్చాను.

"మదనపల్లెకు పోయొస్తా మామా. లైనింగు గుడ్డ అయిపోయింది. పిల్లల్ని కొంచెం సూస్తా ఉండు."

"పోయిరామ్మా, నేనుండా గదా," అన్నాడు.

బస్సు ఆగే చోటు దాకా నడిచాను. బస్సు వచ్చింది, పోయింది. నేను రోడ్డు దిగి మల్బరీ తోటలోకి దూరాను. చెట్లు నడుమెత్తు ఉన్నాయి. వంగి నడుచుకుంటూ మా ఇంటి పక్కనున్న పట్టుపురుగుల షెడ్డు చేరాను. పురుగులు పెంచడం మానేసి చాలాకాలమైంది. కిటికీలకు ఈగలు రాకుండా కట్టిన నైలాన్ వల మాత్రం ఇంకా ఉంది. దాని వెనక నిలబడితే లోపలున్నవాళ్లు బయటికి కనిపించరు, మా వాకిలి, పెరడు రెండూ కనిపిస్తాయి.

ఎండ పెరుగుతోంది. షెడ్డు లోపల ఎండిన ఆకు వాసన. పెట్ట పిల్లల్ని వెంటేసుకుని కట్టెల మోపు దగ్గర మన్ను గీరుతోంది. మామ మంచం మీద పడుకున్నాడు, మొహం మీద తువ్వాలు. ఆకాశంలో గద్ద కనపడుతుందేమోనని ఎంత చూసినా ఒక్కటీ లేదు. చెమట కంట్లోకి కారుతోంది, తుడుచుకోవడానికి భయం. నేను చెయ్యెత్తిన క్షణంలోనే ఏదైనా జరిగిపోతుందేమోనని.

కుక్క మంచం కింద నుంచి లేచింది. ఒళ్లు విరుచుకుంది. రోజూ చూసేదే. నా కళ్లు దాన్ని దాటి మామ మీదికి పోయాయి. ఆయన కదల్లేదు. కుక్క తీరిగ్గా వాకిలి దాటి, బోర్లించిన క్రేటు పక్కన కూర్చుంది. నేను పిల్లల కోసం పెట్టిన క్రేటు. ఒక పిల్ల చిల్లులోంచి బయటికొచ్చింది. కుక్క తల వంచింది, అంతే. పరుగు లేదు, అరుపు లేదు. రోజారంగు పిల్ల కుక్క నోట్లో ఉంది. పెట్ట అప్పుడు అరిచింది. అరిచి, ఎగిరి, ముక్కుతో కుక్క వీపు మీద పొడిచింది.

నా గొంతులోంచి కేక రాబోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఎందుకంటే మామ లేచాడు.

లేచి మంచం పక్కనున్న కర్ర అందుకుని పరిగెత్తాడు. కర్ర పైకెత్తాడు. కుక్క ఆయన్ని చూసి తోక ఊపింది. కర్ర అలాగే పైన ఆగిపోయింది. మామ దాన్ని దించి, పక్కన పెట్టి, కుక్క దగ్గర గొంతుక్కూర్చున్నాడు. తిట్టాడో బతిమాలాడో నాకు వినపడలేదు. కుక్క తినేసింది. అప్పుడాయన నేల మీద పడిన ఈకలను ఒక్కొక్కటి ఏరడం మొదలుపెట్టాడు. ఆ వయసులో ఆయనకు చూపు ఆనదు. చేత్తో మన్ను తడుముతూ, దొరికినవన్నీ నడుం మడతలో దోపుకుంటూ వాకిలంతా వెతికాడు. నేను వంగి వంగి వెతికిన చోటే. తర్వాత పెరట్లోకి వచ్చి, పేడదిబ్బలో చేత్తో గుంట తీసి, ఈకలు అందులో వేసి కప్పాడు. తువ్వాలుతో కుక్క మూతి తుడిచాడు.

నాకు కుక్క మీద కోపం రాలేదు. కుక్క పని అది చేసింది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటాం? నేను వెతికి దొరక్క ఏడ్చిన ఈకలు ఇంత దగ్గర, మా దిబ్బలోనే ఉన్నాయి.

మళ్లీ తోటలోంచే రోడ్డెక్కి, చెట్టు నీడన కూర్చుని, మదనపల్లె నుంచి వచ్చే బస్సు ఆగాక అందులోంచి దిగినవాళ్లతో కలిసి ఇంటికి నడిచాను.

మామ ఎదురొచ్చాడు. "ఇంకోటి పోయినాదమ్మా," అన్నాడు. "గెద్ద."

"అట్లనా మామా," అన్నాను. నా జీవితంలో అంత కోపాన్ని ఎప్పుడూ మింగలేదు. ఆయనే చెప్పుకునే వీలు ఒకటి ఇవ్వాలనిపించింది. వదినకు ఫోన్ చేసి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు.

వదిన మర్నాడే వచ్చింది. మా ఆయన కూడా మార్కెట్ నుంచి వచ్చి ఉన్నాడు. ఆమె మళ్లీ లెక్కపెట్టింది. నాలుగు. పెట్ట ఆ నాలుగింటినీ రెక్కల కింద దాచుకుని ముడుచుకు కూర్చుంది.

"ఇదీ గెద్దేనా?" అంది వదిన.

నేను మామ వైపు చూశాను. ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. చెప్పు మామా, ఒక్క మాట చెప్పు అని లోపల మొక్కుకుంటూనే ఉన్నాను. ఆయన నేల చూస్తూ, మంచం కిందికి చెయ్యి వేలాడేసి కుక్క చెవులు నిమురుతున్నాడు.

"నేనడిగేది నిన్నే," వదిన గొంతు పెంచింది. "ఈకలు యాడ?"

"ఉండాయి వదినా," అన్నాను. "ఈకలన్నీ మామ కాడ ఉండాయి. అడుగు."

నేను పెరట్లోకి పోయి, గంపలోకి దిబ్బ ఎత్తుకొచ్చి వాకిట్లో కుమ్మరించాను. పేడలో రోజారంగు ఈకలు, కింద పాతవి, ఎర్రవి, పసుపువి. వదిన వాటిని చూసింది, తండ్రిని చూసింది.

"నాయనా?"

మామ కుక్క మీద నుంచి చెయ్యి తీశాడు. "మీయమ్మ పెంచిన కుక్కమ్మా అది. గుడ్డలో సుట్టుకోని తెచ్చిన నాడు దానికి కండ్లు కూడా తెరవలేదు. కోడిపిల్లకు రుచి మరిగిందంటే ఊరోళ్లు గోనెసంచిలో ఏస్కోని పోతారు." ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "పిల్లలు మళ్లా పొదగేస్తే వస్తాయి. ఇది మళ్లా రాదు గదమ్మా."

"నా పేరు మళ్లా వస్తాదా మామా?" అన్నాను. ఇంక ఆగలేదు నా నోరు. "కొళాయికాడ నన్ను దొంగ అంటాండారు. మా యమ్మ కంటికి కట్టు కట్టుకోని ఉంటే, నేను ఆమెకు కోడిపిల్లలు మోసినానంట. నువ్వు ఈడ కూసోని అన్నీ ఇంటాండావు. గెద్ద, గెద్ద అని నాకే సెప్తాండావు. ఇంటికొచ్చిన కోడలి కంటే నీకు కుక్క ఎక్కువైందా?"

మా ఆయన ఏదో అనబోయాడు. వదిన చెయ్యెత్తి ఆపింది. ఆమె ఏడుస్తోంది. ఎవరి కోసం ఏడుస్తోందో నాకు తెలియలేదు. వాళ్లమ్మ కోళ్ల కోసమా, వాళ్లమ్మ కుక్క కోసమా, నా కోసమా. ఈకల ముందు కూర్చుని ఒక్కో ఈకా పేడ దులిపి పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున నేను బిందె తీసుకుని కొళాయి దగ్గరికి పోయాను. వరుసలో అందరూ ఉన్నారు, ఎదురింటావిడ కూడా. వెనక కర్ర చప్పుడు వినపడి తిరిగి చూశాను. మామ వస్తున్నాడు. ఆడవాళ్లు నీళ్లు పట్టే చోటికి మా మామ ఏనాడూ రాడు.

"మా కోడిపిల్లల్ని తినింది మా కుక్క," అన్నాడు, చెవిటివాళ్లకు చెప్పినట్టు గట్టిగా. "ఈకలు దాసింది నేను. ఈ బిడ్డ యాడికీ మోయలేదు. ఎవురన్నా ఏమన్నా అనాలంటే నన్ననండి."

నీళ్లు బిందె నిండి పొర్లిపోతున్నాయి. కాసేపటికి ఎదురింటావిడే మెల్లగా అంది: "అయితే దాన్ని ఊర్లో పెట్టుకునేదెట్లప్పా? ఇంటింటా కోళ్లుండాయి."

"పంపించేస్తా," అన్నాడు మామ. ఆ మాట ఆయనకు ఎంత ఖరీదైందో అక్కడ నాకొక్కదానికే తెలుసు.

కుప్పం అని నేనే అన్నాను. మా అమ్మవాళ్ల ఇంటి పక్క గ్రానైట్ పాలిష్ పట్టే యార్డు ఉంది. మా తమ్ముడు అక్కడ కాపలా. చుట్టుపక్కల రాళ్లే తప్ప కోళ్లు లేవు. ఈ ఇంటి నుంచి మా పుట్టింటికి నేను మోసుకుపోయిన ప్రాణం చివరికి అదొక్కటే.

మా ఆయన మార్కెట్‌లో చెప్పి, వి.కోట మీదుగా కుప్పం వైపు ఖాళీ క్రేట్లు తీసుకుపోయే టెంపో మాట్లాడాడు. వెనక క్రేట్ల మధ్య మామ, ఆయన ఒళ్లో తల పెట్టుకుని కుక్క, పక్కన నేను. పుంగనూరులో బస్టాండు దగ్గర టెంపో ఆపించాం. వదిన అంగడి వదిలి వచ్చింది. ఒక కవర్లో పెరుగన్నం తెచ్చి, చేత్తో కలిపి కుక్కకు పెట్టింది. అది తిన్నాక చెయ్యి కడుక్కుని, నా దగ్గరికి వచ్చి తల వంచమంది. మూరెడు కనకాంబరాలు నా జడలో తురిమింది. క్షమించమని అనలేదు. అంటుందని నేనూ అనుకోలేదు. పూలు మాత్రం గట్టిగా, రాలిపోకుండా పెట్టింది.

కుప్పంలో మా తమ్ముడు కుక్కను యార్డు గేటు దగ్గర గొలుసుతో కట్టాడు. అది దాని జీవితంలో మొదటి గొలుసు. మామ వెనక్కి చూడకుండా నడిచాడు. చూస్తే రాలేడని నాకు తెలిసి నేను ముందు నడిచి దారి చూపించాను. వెనక నుంచి అది మొరుగుతూనే ఉంది, బస్టాండు మలుపు తిరిగేదాకా.

తిరుగు బస్సులో ఆయనకు కిటికీ పక్కన చోటిచ్చాను. బస్సు పలమనేరు దాటింది. తర్వాత బయటికి చూస్తూనే అడిగాడు: "కోపం పోయిందామ్మా?"

"పోలా మామా."

"పోకూడదులే," అన్నాడు. మళ్లీ తనే అన్నాడు: "నువ్వు మంచిదానివని నాకు మొదట్నుంచీ తెలుసు. కుక్కకు మాట రాదు. నీకు నోరుండాది గదా, నువ్వెట్లో బతికి బయటపడతావులే అనుకుంటి."

ఆయన అబద్ధం ఆడటం లేదు. నిజంగానే అలా అనుకున్నాడు. అందుకే ఆ మాట నాకు అన్నిటికన్నా ఎక్కువ తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు, ఆయన చూడనీ అనుకున్నాను.

"నోరుంటే సాలా మామా?" అన్నాను. "ఇనేవాళ్లు ఒకరుండొద్దా?"

ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. ఉండాలన్నట్టు తల ఊపాడు.